గంగమ్మ కళ్ళు

గురునాథం కాఫీ తాగకుండానే గ్లాసు పక్కన పెట్టేశాడు.

"నావల్ల కాదు శాంతా. ఒంట్లో బాగాలేదని పోలిరాజుకి ఫోన్ చేసేస్తాను."

శాంతకుమారి రంగు సీసాలు సంచిలో సర్దుతోంది. తలెత్తలేదు.

"ఒప్పుకున్నప్పుడు లేని సిగ్గు ఇప్పుడెందుకండీ? బయల్దేరండి."

సిగ్గే మరి. అసలు ఈ వ్యవహారం మొదలైన నాటినించీ అతనికి సిగ్గుగానే ఉంది.

కొడుకు చదువుకని అండమాన్ దాటి మెయిన్‌లాండ్ వెళ్ళాక పోర్ట్ బ్లెయిర్ మిడిల్ పాయింట్‌లోని వాళ్ళ క్వార్టర్లో ఒక గది ఖాళీ అయింది. పెళ్ళికి ముందెప్పుడో విశాఖపట్నంలో ఒక ఫోటో స్టూడియోలో నేర్చిన ఎయిర్ బ్రష్ విద్య, పాతికేళ్ళుగా అటకెక్కిన విద్య, ఆ గదిలో మళ్ళీ కిందికి దిగింది. చెన్నై నించి ఓడలో చిన్న కంప్రెసర్ వచ్చింది. పెన్నంత గన్ను వచ్చింది. అది బుస్సుమని రంగుని పొగలా చిమ్ముతుంటే కాగితం మీద చేపలు, మబ్బులు, మనుషుల ముఖాలు తేలేవి. యాభై ఏళ్ళ గుమాస్తా ఇంట్లో ఈ వయసులో ఇదేం సరదా అని ఇరుగుపొరుగు నవ్విపోతారని గురునాథం కిటికీలు మూసేసేవాడు.

కిటికీలు మూశాడు గానీ వీధి తలుపు మరిచాడు. వంజరం చేప ఇవ్వడానికొచ్చిన పోలిరాజు గుమ్మంలోంచి ఆ బొమ్మలు చూసి నోరు తెరిచాడు. శ్రీకాకుళం తీరం నించి తాతల నాడు వచ్చి ఇక్కడే పాతుకుపోయిన బెస్త కుటుంబం అతనిది.

"ఎవురేసినారు బాబూ? నువ్వేనా?"

గురునాథం నవ్వాడు. "ఏదో సరదాకి," అన్నాడు.

ఆ ఒక్క ముక్క చాలు, పోర్ట్ బ్లెయిర్ తెలుగువాళ్ళందరికీ పాకిపోయింది. ఆఫీసులో పక్క సీటు అప్పయ్య భుజం చరిచాడు.

"అరే భయ్యా, కమాల్ కర్ దియా! అదరగొట్టేశావు! ఇన్నేళ్ళూ మాకు చెప్పనేలేదు!"

ఎవరు పొగిడినా గురునాథం చెవులు ఎర్రబడేవి. మాట మార్చేసేవాడు. పాపం, ఎంత నిగర్వి అనుకునేవాళ్ళు జనం. నేలలోకి కూరుకుపోతే బాగుండునని అతననుకునేవాడు.

అంతలో పోలిరాజు కొత్త డింగీ పడవ కట్టించాడు. దాని ముందు భాగాన గంగమ్మ తల్లి ముఖం వెయ్యమన్నాడు. కుదరదని చెప్పడానికే గురునాథం నోరు తెరిచాడు. "మా యమ్మ మొక్కు బాబూ" అనేసరికి సరే అని మూశాడు.

ఆదివారాలు మొగుడూ పెళ్ళాం స్కూటర్ మీద ఫీనిక్స్ బే పక్కన పడవున్న ఒడ్డుకి వెళ్ళేవాళ్ళు. రంగు ఎగిరి కళ్ళల్లో పడుతుందని పడవ చుట్టూ టార్పాలిన్ పట్టా కట్టించారు. "కంప్రెసర్ దగ్గర ఒకరుండాలి," అన్నాడు గురునాథం. ఇద్దరూ లోపలికెళ్ళేవాళ్ళు. ఇంకెవర్నీ రానిచ్చేవాళ్ళు కాదు.

అమ్మవారి ముఖం వచ్చింది. పసుపు చెంపలు, ముక్కుపుడక, ఎర్రటి బొట్టు. కళ్ళు మాత్రం ఇప్పుడే వద్దంది పోలిరాజు తల్లి కాళమ్మ.

"పడవ నీళ్ళల్లో దిగిన్నాడే కళ్ళు తెరవాల బాబూ, అందరి ముందరా. మొకం దిద్దిన సెయ్యే దిద్దాల. సెయ్యి మారితే అమ్మ సూడదు. అమ్మ సూడకపోతే సంద్రంలో నా కొడుక్కి దిక్కెవరు?"

ఆనాటి నించీ గురునాథానికి తిండి సయించలేదు. అందరి ముందూ పరువు పోతే ఏ మొహం పెట్టుకుని ఆఫీసుకెళ్ళాలి? తన పరువు సంగతి సరే, పోలిరాజుకి ఆ పడవెక్కే ధైర్యమే పోతే?

ఆ రోజే ఇది. శాంతకుమారి బయల్దేరదీస్తే ఒడ్డుకి రాక తప్పలేదు. పట్టా తీసేశారు. పూలదండల మధ్య కళ్ళులేని గంగమ్మ. ఒడ్డు నిండా జనం. అప్పయ్య ఫోన్ పైకెత్తి వీడియో తీస్తున్నాడు. తెలుగు సంఘం వాళ్ళు శాలువా కూడా తెచ్చారు. దాన్ని చూడగానే గురునాథం రెండడుగులు వెనక్కి వేశాడు.

"రంగు పడకుండా ఓవరాల్ అదీ తొడుక్కోవాలి కదా, ఒక్క నిమిషం," అని గొణిగి వలల షెడ్డులోకి దూరాడు. సంచి పట్టుకుని శాంతకుమారి వెనకే వెళ్ళింది. తలుపు మూసుకుంది.

కాసేపటికి తెరుచుకుంది. టోపీ, పెద్ద కళ్ళద్దాలు, ముక్కూ నోరూ కప్పేసిన మాస్కు, పాదాల దగ్గర రెండు మడతలు పెట్టిన నీలం ఓవరాల్ బయటికొచ్చాయి. కుర్రాళ్ళు ఈలలు వేశారు.

"భయ్యా, ఇధర్ దేఖో, ఇటు!" అని అప్పయ్య అరిచాడు. ఓవరాల్ తిన్నగా పడవ దగ్గరికి నడిచింది.

"అమ్మగారేరీ, కంప్రెసర్ కాడికి?" అన్నాడు పోలిరాజు. గ్లవ్సు తొడిగిన చెయ్యి నువ్వే వెయ్యమని సైగ చేసింది. అతను స్విచ్ వేశాడు.

గన్ను బుస్సుమంది. ఎడమ కన్ను వచ్చింది. కుడి కన్ను వచ్చింది. చివరగా రెండింట్లోనూ తెల్లటి మెరుపు చుక్క. ఎక్కడా చెయ్యి తడబడలేదు.

కాళమ్మ తలెత్తి చూసింది.

"నన్నే సూత్తందిరా అయ్యా, అమ్మ నన్నే సూత్తంది!"

ఒడ్డంతా చప్పట్లు మోగిపోయాయి. పోలిరాజు రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టాడు.

"గురునాథం బాబూ! నీ సెయ్యి సల్లగుండాల!"

ఆ దీవెన, వలల షెడ్డులో లోపల గడియ పెట్టుకుని, మొహం అరచేతుల్లో దాచుకుని, శాంతకుమారి పని ముగించి ఎప్పుడొస్తుందా అని కూర్చున్న గురునాథానికి కూడా స్పష్టంగా వినిపించింది.