కుర్చీలు లేని హోటల్

సుగుణవ్వ హోటల్లో అడుగుపెట్టిన వాళ్లందరినీ గోడవార ఉన్న జూదం యంత్రం పేరు పెట్టి పిలిచేది. "పోశన్నా, ఇయ్యాల నీ దినమే!" అనేది. మిల్లు పనికి పోయే పోశన్న ఇడ్లీకి తెచ్చిన డబ్బు దాని నోట్లో పోసి, మూడు రోజులుగా ఖాళీ కడుపుతోనే పనికి పోతున్నాడు. యంత్రాన్ని ఆపేస్తే హోటల్ లైసెన్సు పోతుంది. జగిత్యాలలో అది లేని హోటలే లేదు.

శుక్రవారం దేవుడి పటాలు తుడుస్తూ, పక్కనే వేలాడుతున్న లైసెన్సును కూడా తుడిచింది సుగుణవ్వ. తుడుస్తూ మొదటిసారి చివరిదాకా చదివింది. పది కుర్చీల కంటే తక్కువ ఉన్న చోట యంత్రం పెట్టరాదని రాసి ఉంది.

సోమవారం తనిఖీకి వచ్చిన అధికారి హోటలంతా కలయజూశాడు. "కుర్చీలేవమ్మా?"

"బడికిచ్చిన సారూ. మా దగ్గర అందరు నిలవడే తింటరు."

నడుమెత్తు బండల చుట్టూ జనం ప్లేట్లు పట్టుకుని నిలబడి ఉన్నారు. అధికారి లైసెన్సును రెండుసార్లు చదివాడు, తల గోక్కున్నాడు, చివరికి యంత్రాన్ని తీసుకుపొమ్మని సంతకం పెట్టాడు. జనం ఈలలు వేశారు.

"అక్కా, ఇంకో రెండిడ్లీలెయ్యి," అంటూ పోశన్న ప్లేటు చాపాడు.

ట్రాలీ ఎక్కిస్తున్నా యంత్రం ఊరుకోలేదు. "సుగుణవ్వా, పోయే ముందు నువ్వొక్క ఆట ఆడవా?"

సుగుణవ్వ గరిటె పట్టుకునే గడప దాకా వచ్చింది.

"ఆడిన బిడ్డా. గెలిచిన గూడ."