చలెమ్ తోట రబ్బరు

అన్నయ్యా, నా పిడికిలి విచ్చుకుంది! పక్షవాతం వచ్చి మూడేళ్లుగా మూసుకుపోయిన కుడి పిడికిలి, ఈరోజు హాద్యాయ్ యూనివర్సిటీలో మా అమ్మాయి అరుణి తన చేత్తో చేసిన రబ్బరు తొడుగు వేయగానే విచ్చుకుంది. కరెంటు ఇస్తే ఆ రబ్బరు సాగుతుంది, ఆపితే ముడుచుకుంటుంది. దాంతోపాటే నా వేళ్లూ కదిలాయి!

నిజం చెప్పొద్దూ, కడుపుమంటతోనే వెళ్లాను. నలభై ఏళ్లు రబ్బరు చెట్లు గీసి పాలు తీసినవాణ్ణి నేను. నా కూతురు ప్రయోగాలకి షీట్లు తెచ్చుకున్నది పక్కతోట చలెమ్ దగ్గర! దాని బండి మా గుమ్మం దాటి అతని గుమ్మం ముందు ఆగినప్పుడల్లా తలుపు వేసుకునేవాణ్ణి. అతనితో మాటే మానేశాను. తొడుగు చూసి ఉండబట్టలేక అనేశాను.

"బానే ఉందమ్మా, మీ చలెమ్ మామ రబ్బరు!"

"ఆయనదంతా కాలిపోయింది నాన్నా. కరెంటు ఎక్కువైన ప్రతిసారీ చిల్లే. ఇది నీది. జబ్బు చేయకముందు నువ్వు తీసిన పాలతో చేసినవి, అటక మీద ఆ నాలుగు షీట్లే కదా మిగిలాయి! వాటిని పరీక్షలకి తగలేయమంటావా?"

"మరి తన షీట్లన్నీ కాలిపోతుంటే వాడేం అనలేదా?"

"'మీ నాన్న తిడితే పడతాలే, పట్టుకుపో' అన్నాడు."

త్రంగ్‌లో అక్కయ్యకి చెప్పు. బావకి, చిన్నత్తకి, పిన్ని పిల్లలందరికీ చెప్పు. చలెమ్‌కి మాత్రం చెప్పకు. రేపు అతన్ని వెంటబెట్టుకుని యూనివర్సిటీకి వెళ్తాను. విచ్చుకున్న ఈ చేత్తో మొదట అతని చెయ్యే పట్టుకోవాలి.