వదులు అనేదాకా

పలమనేరు చర్చికి ఇవ్వాల్సిన గిటారు అంచుకు తండ్రీకూతుళ్ళు తెల్లపట్టీ అతికిస్తున్నారు. జిగురు ఆరేదాకా పట్టీని పట్టి ఉంచే టేపు గిటారు నడుము వంపులో నిలవదు. అక్కడ వేళ్ళతోనే అదిమి పట్టుకోవాలి.

“నేను ‘వదులు’ అనేదాకా వదలాకు పాపా” అని కూతురు అమలకు చెప్పి, దేవసహాయం జిగురు చేతులు కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్ళాడు.

జిగురు ఆరిపోయింది. అమల వేళ్ళు తిమ్మిరెక్కాయి. పెరట్లో కొళాయి ఇంకా పారుతూనే ఉంది.

“నాయనా, వదిలేదా?” రెండుసార్లు పిలిచింది.

దేవసహాయం వచ్చి గుమ్మంలోనే ఆగిపోయాడు.

“ఎవురమ్మా నువ్వు? యాడ నుంచి వచ్చినావు?”

అమల వేళ్ళు తీయలేదు.

ఆయన దగ్గరికొచ్చి, వంగి, అంచును గోటితో తడిమి చూశాడు. “సందు లేకుండా పట్టినావే! ఎవురు నేర్పించినారు?”

“మా నాయన.”

“గట్టి పనోడే. ఒకసారి ఈడికి పిల్సుకోని రామ్మా, ఆయన్ని సూడాల.”