సెలూనాయన కొడుకు జుట్టు

"వద్దంటే వద్దు!" అంటూ నాలుగేళ్ళ కొడుకు సెలూన్ బెంచీ కింద దూరాడు.

"రారా నాన్నా, బంగారుకొండవి కదూ!" అంటూ సెలూనాయన నేల మీద చతికిలబడి బతిమాలుతున్నాడు. బెంచీ మీద పిల్లలతో కూర్చున్న తల్లులు కాళ్ళు పైకి ముడుచుకుని మరీ ఈ వేడుక చూస్తున్నారు.

చూడరూ మరి! పిల్లలకు జుట్టు కత్తిరించడంలో ఆయనంతటివాడు లేడని వీధి వీధంతా చెప్పుకుంటుంది. "నా కుర్చీలో ఏడ్చే పిల్లలు ఇంకా పుట్టలేదు" అని ఆయనే ముందు చెప్పుకుంటాడనుకోండి. అది వట్టి గొప్ప మాత్రం కాదు. ముందు దువ్వెన పిల్లల చేతికే ఇచ్చి తన తల దువ్వమంటాడు. నీళ్ళ సీసాతో వాళ్ళ అరచేతిలో చిన్న వాన కురిపిస్తాడు. జుట్టు కత్తిరించే మిషన్ చల్లగా తగిలితే ఉలిక్కిపడతారని దాన్ని గుప్పిట్లో వెచ్చబెట్టి, మొదట మోచేతికి ఆనించి నవ్విస్తాడు. కుర్చీని అద్దం వైపు తిప్పకుండా మెడ వెనక నుంచి మొదలుపెడతాడు. పిల్లల కబుర్లు అయ్యేసరికి ఈయన పనీ అయిపోతుంది. అలాంటి మనిషి కన్నకొడుకు జుట్టు కళ్ళు దాటి ముక్కు మీద పడుతోంది!

"ఒరేయ్, ఈ కుర్చీ ఏంటో తెలుసా..." అని ఆయన మొదలుపెట్టాడు.

"ఏనుగు," అన్నాడు కొడుకు బెంచీ కింద నుంచే. "ఎక్కాక కదిలితే దానికి చక్కిలిగింతలు పుడతాయి. అందరికీ అదే చెప్తావు."

"పోనీ, ఈ మిషన్‌లో..."

"తేనెటీగ ఉంది. అబద్ధం! నిన్న నువ్వు విప్పి నూనె వేస్తుంటే నేను చూశాగా."

"సరే, ముందు నువ్వే నా తల దువ్వు."

"దువ్వితే 'అబ్బా, అమ్మా' అని దొంగ ఏడుపు ఏడుస్తావు. నేను నవ్వగానే గుడ్డ కప్పేస్తావు."

తల్లులు గొల్లున నవ్వారు. ఒకావిడ మాత్రం నవ్వలేదు. లేచి తన కూతురి చెయ్యి పట్టుకుంది.

"సొంత కొడుకునే కూర్చోబెట్టలేని మనిషి మా పిల్లనేం కూర్చోబెడతాడు? పదవే," అని వీధి దాటి ఎదురు సెలూన్‌లోకి వెళ్ళిపోయింది. ఆమె వెనక ఇంకో తల్లి, ఆ వెనక మరో తల్లి! సెలూనాయన ముఖం మాడిపోయింది.

ఎదురు సెలూనాయన పేరెత్తితేనే ఈయనకు ఒళ్ళుమంట. అతను పాటలు పాడుతూ పిల్లల జుట్టు కత్తిరిస్తాడు. అతని గొంతు బాగోదని ఈయన, ఈయన చెయ్యి బాగోదని అతను వచ్చినవాళ్ళందరికీ చెప్పుకోవడమే గానీ, ఎదురుపడితే ఒకరి ముఖం ఒకరు చూసుకోరు.

మధ్యాహ్నం షాపు తలుపులు దగ్గరగా వేసి, వెనకే ఉన్న ఇంట్లో భోజనానికి కూర్చుంటే భార్య అందుకుంది.

"వాడు మీ షాపులోనే పాకాడు, మీ షాపులోనే నడిచాడు. మీ మాయలన్నీ వాడికి కంఠతా వచ్చు. మీ దగ్గర వాడు కూర్చోడు గాక కూర్చోడు."

"అయితే ఏం చెయ్యమంటావు?"

"వాడికి తెలియని మాయలు కావాలి. ఎదురు సెలూన్‌కి తీసుకెళ్ళండి."

ముద్ద నోటిదాకా వెళ్ళి ఆగిపోయింది. "ఏంటీ! ఆ కూనిరాగాలవాడి దగ్గరికా? నా పరువేం కాను?"

"పరువా? అది పొద్దుటే ఆ తల్లుల వెనకాల వీధి దాటి వెళ్ళిపోయింది. వెళ్ళి తెచ్చుకోండి."

ఆయన చెయ్యి కడుక్కుని కాసేపు అటూ ఇటూ తిరిగాడు. ఆ కూనిరాగాలవాడు తనను చూసి నవ్వితే నవ్వనీ, సాయంత్రానికల్లా కొడుకు తల నీటుగా కనబడితే చాలు, తన బెంచీ మళ్ళీ నిండుతుంది.

"సరే. ఎవరైనా అడిగితే నేనే కత్తిరించానని చెప్పు. పొరపాటున నోరు జారావో..."

"నాకెందుకండీ మీ గొడవ!"

కొడుకు నెత్తిన తువ్వాలు కప్పి, వెనక గుమ్మంలోంచి సందులోకి దిగాడు. వీధి మలుపు దాకా గోడల పక్కనే నడిచి, గబగబా రోడ్డు దాటి, ఎదురు వరస ఇళ్ళ వెనకనున్న సందులో దూరాడు.

"నాన్నా, ఆ సెలూన్‌లో కుర్చీ ఏంటి? ఇది కూడా ఏనుగేనా?"

"నాకేం తెలుసురా! నేనెప్పుడైనా లోపలికెళ్ళానా ఏంటి?"

"అయితే నేను ఎక్కి చూస్తా," అన్నాడు కొడుకు హుషారుగా.

ఆ మాటతో సెలూనాయనకు కొండంత బలం వచ్చింది. నేరుగా వెళ్ళి ఎదురు సెలూన్ వెనక తలుపు తట్టాడు. ఎదురు సెలూనాయన భార్య తలుపు తీసింది. ఈయన్ని చూసింది, తువ్వాలు కింద దాక్కున్న పిల్లవాణ్ణి చూసింది, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"ఆయన్ని ఒక్కసారి పిలుస్తారా అమ్మా? మా వాడి జుట్టు..." ఈయన గొంతు తగ్గించాడు. "ఇది మన మధ్యనే ఉండాలి."

"ఆయన ఇంట్లో లేరండీ."

"భోజనాల వేళ ఎక్కడికెళ్ళారు?"

ఆవిడ సందుకు అటువైపు ఇటువైపు చూసింది. తనూ గొంతు తగ్గించింది.

"ఆయన పాటలన్నీ మా అమ్మాయికి నోటికొచ్చేశాయి. ఆయన ఎత్తుకోకముందే తనే పాడేసి మంచం కింద దూరుతోంది. ఇక లాభం లేదని దాని నెత్తిన దుప్పటి కప్పి, ఇప్పుడే అటు మలుపు మీదుగా మీ వెనక గుమ్మానికి తీసుకెళ్ళారు!"