గెడకర్ర రాకెట్

"ఆ రాకెట్‌ని నా బల్ల మీంచి తియ్యండి," అన్నాడు మేస్త్రీ.

దాన్ని తెచ్చిన, ఆటగాడి మేనేజరు బిత్తరపోయాడు. రాకెట్లకు గట్టింగ్, అంటే తీగలు, కట్టే దుకాణానికి రాకెట్ తీసుకొస్తే తియ్యమనడమేమిటో అతనికి అంతుపట్టలేదు. పక్క బల్ల దగ్గరున్న మేస్త్రీ బావమరిదికి మాత్రం అంతా అర్థమై మొహం చాటంత అయింది.

ఆ రాకెట్ గెడకర్ర ఇంట్లోంచి వచ్చింది. టెన్నిస్ చూసిన పాతవాళ్లకి గెడకర్ర ఎవరో, బొంగరం ఎవరో చెప్పక్కర్లేదు. ఒకడు పొడుగు, సర్వీసు నెత్తి మీంచి పిడుగులా దించేవాడు. ఇంకొకడు పొట్టి, కోర్టంతా గిర్రున తిరుగుతూ ఆ పిడుగుల్నే తిప్పికొట్టేవాడు. వాళ్ల ఆఖరి ఫైనల్ జరిగి నలభై ఏళ్లయింది. అందులో గెడకర్రని గెలిపించిన బంతి గీత అవతల పడిందని మేస్త్రీ, కాదు గీత మీదే పడిందని బావమరిది, ఒకే కప్పు కింద పనిచేస్తూ ఉప్పూ నిప్పులా బతుకుతున్నారు. ఆడినవాళ్లు ఆడేసి ఇళ్లకు పోయారు, మీకు మాత్రం ఆట ముగియదా అని మేస్త్రీ భార్య మొగుణ్ణీ తమ్ముణ్ణీ కలిపి చెడామడా తిడుతూనే ఉంటుంది.

ఇప్పుడా ఆటగాళ్లిద్దరూ అభిమానుల ముచ్చట తీర్చడానికి ఒక్క సెట్ ఆడబోతున్నారు. అదీ ఆనాటి ఫైనల్లో వాడిన చెక్క రాకెట్లతోనే.

బొంగరం రాకెట్ ఎవరు కడుతున్నారని మేస్త్రీ అడిగాడు. ఆయన తన ఊళ్లోనే ఎక్కడో కట్టించుకుని వస్తున్నారన్నాడు మేనేజరు. మేస్త్రీకి కడుపు మండిపోయింది. దేవుడి రాకెట్ ఎవడి చేతుల్లోకో పోయింది, దొంగ రాకెట్ వచ్చి తన బల్ల మీద పడింది.

"ఇటివ్వండి సార్," అంటూ బావమరిది లేచాడు. "మా బావకి ఓడినవాళ్ల రాకెట్లు కట్టడమే అలవాటు."

మేస్త్రీ ఠక్కున రాకెట్ మీద చెయ్యేశాడు. "నేనే కడతాను," అన్నాడు.

మేనేజరు జాగ్రత్తలు మొదలుపెట్టాడు. చెక్క బాగా పాతది, తీగలు వదులుగా ఉంటేనే మేలు, బిగించి లాగితే చిట్లిపోతుంది. సార్ దీన్ని అద్దాల బీరువాలో పెట్టుకుని కన్నబిడ్డల్ని కూడా ముట్టుకోనివ్వలేదు. దీనికేమైనా అయితే ఆయన తట్టుకోలేరని మరీ మరీ చెప్పాడు.

"అలాగా," అన్నాడు మేస్త్రీ. ఆ చివరి మాట అతని చెవుల్లో తేనె పోసినట్టుంది.

బావమరిది భోజనానికి వెళ్లేదాకా ఆగి, రాకెట్‌ని మిషనుకి ఎక్కించాడు. పిడి మీద బొటనవేలు ఒత్తుకున్న చోట గుంట పడి ఉంది. దొంగవేలు, అనుకున్నాడు. బిగువు ముల్లుని పాత చెక్కకి తగిన అంకె దాటించాడు. కొత్త రాకెట్లకి పెట్టే అంకె కూడా దాటించాడు. అత్త మీద కోపం దుత్త మీద తీర్చుకున్నట్టు ఒక్కో తీగనీ పళ్లు కొరుకుతూ లాగాడు. సగం పనయ్యేసరికి చెక్క కిర్రుమంది. మెడ దగ్గర వెంట్రుకంత చీలిక కనబడింది. దాంట్లో మైనం కూరి, గుడ్డతో రుద్ది నిగనిగలాడేలా చేశాడు. నాలుగు గట్టి దెబ్బలు ఆగుతుంది. ఆ తర్వాత పిడి చేతిలో, ముక్కలు నేల మీద. జనం పగలబడి నవ్వాలి. ఆ బంతికి అదే జవాబు. తెలిసి తెలిసి పని చెడగొట్టడం అతనికి అదే మొదటిసారి. బాధేమన్నా ఉందా అని లోపల వెతుక్కున్నాడు. లేదు.

తిరిగొచ్చిన బావమరిది తీగలు మీటి చూడబోతే మేస్త్రీ రాకెట్ లాగేసుకున్నాడు.

"మా వాడంటే నీకు మొదట్నుంచీ కుళ్లు. ఏం చేశావో నిజం చెప్పు బావా."

"నా పని చేశాను. నీ పని చూసుకో."

"దానికేమన్నా అయ్యిందో, మీ గడప తొక్కను. అక్క పిలిచినా సరే."

"తొక్కకు. పీడా పోతుంది."

ఆట రోజు స్టేడియం నిండా నెరిసిన తలలే. మోకాళ్లు పట్టుకుని మెట్లెక్కినవాళ్లు కూడా కూర్చోగానే అవతలివాళ్ల మీద నోరు పారేసుకున్నారు. గీత అవతలే అని ఒక వైపు, గీత మీదే అని ఇంకో వైపు. మనవళ్లున్న ఇద్దరు పెద్దమనుషులు చొక్కాలు పట్టుకుంటే పోలీసు వచ్చి విడదీశాడు. టికెట్లు ఎప్పుడో కలిపి కొన్న పాపానికి మేస్త్రీ, బావమరిదీ పక్కపక్కనే, చెరో వైపు తిరిగి కూర్చున్నారు.

"ఇవాళ మీ వాడి పరువు ముక్కలవుతుంది, కళ్లారా చూడు," అన్నాడు మేస్త్రీ.

ఆటగాళ్లిద్దరూ వచ్చారు. బట్టతలతో, కాస్త వంగిపోయి నడుస్తున్న బొంగరాన్ని చూడగానే మేస్త్రీకి గుండె కలుక్కుమంది. ఈ ఒక్క సెట్ నెగ్గితే చాలు, ఇంకేమీ అక్కర్లేదనుకున్నాడు. అంతలో గెడకర్ర సంచిలోంచి ఆ రాకెట్ తీశాడు.

గెడకర్ర సర్వీసు చేసే చోటికి పోలేదు. తిన్నగా నెట్ దగ్గరికి నడిచాడు, బొంగరం కూడా అటే వచ్చాడు. ఎవరో వాళ్ల మధ్య మైకు పట్టుకున్నారు.

"ఆ ఫైనల్ అయ్యాక గదిలో రాకెట్లు మార్చుకున్నాం కదరా పొట్టోడా, నలభై ఏళ్లు ప్రాణంలా దాచాను, ఇవాళ నీ రాకెట్‌తో నువ్వే ఆడు," అంటూ గెడకర్ర దాన్ని బొంగరం చేతిలో పెట్టాడు.