ఎందుకో నన్ను అడగండి

ఉదయం ఆరింటికి ఒకసారి. సాయంత్రం ఆరింటికి ఒకసారి.

పిల్లల ఆస్పత్రిలో నెట్‌వర్క్ పని చూసే ఇంజనీరమ్మ ఫైర్‌వాల్ లాగ్‌లో, అంటే రాకపోకల చిట్టాలో, ఆ రెండు వరుసల దగ్గర ఆగిపోయింది.

ఆస్పత్రిలో వైద్య యంత్రాలది ఒక నెట్‌వర్క్. ఆఫీసు కంప్యూటర్లది ఇంకొకటి. మధ్యలో ఫైర్‌వాల్ కాపలా. అటు కబురు ఇటు రాకూడదు.

మరి యంత్రాల వైపు నుంచి చీమంత కబురేదో రోజూ రెండుసార్లు గోడ దాటి వస్తోంది. వచ్చి, పాత ఫైళ్ల గదిలో ఒక కంప్యూటర్‌కు చేరుతోంది.

వారంలో తనిఖీ ఉంది. ఇదేమిటని తనిఖీకి వచ్చినవాళ్లు అడిగితే మాట పడాల్సింది ఆమే.

పంపే యంత్రం జాబితాలో లేదు. పాత ఫైళ్ల గదికి వెళ్లి చూస్తే, ఆ కంప్యూటర్‌కు తెరే లేదు. దుమ్ములో కూర్చుని గుర్రుమంటోంది. దాని వెనక నుంచి ఒక టెలిఫోన్ తీగ గోడలోకి పోయింది.

వెతగ్గా వెతగ్గా ఫైర్‌వాల్‌లో ఆ దారి తెరిచిన నిబంధన దొరికింది. వరుసలో ఏడోది. దాని పక్కన ఎవరో ఎప్పుడో రాసిపెట్టారు:

"దీన్ని తీయొద్దు. ఎందుకో నన్ను అడగండి."

కింద పేరు లేదు.

"నన్ను అంటే ఎవర్ని నాయనా?" అని ఆమె నవ్వుకుంది.

అడగడంలో లోపం చేయలేదు. ల్యాబ్‌లో అడిగింది, ఫార్మసీలో అడిగింది, ఆఫీసులో అడిగింది. అందరూ తమకంటే ముందు చేరినవాళ్లను అడగమన్నారు. ముందు చేరినవాళ్లు ఎప్పుడో రిటైరయ్యారు.

దేవుణ్ణి తలుచుకుని ఏడో నిబంధన తీసేసింది.

ఎక్కడా ఏమీ ఆగలేదు. ఎవరూ ఫోన్ చేయలేదు. తనిఖీ సాఫీగా గడిచిపోయింది.

ఆమె గది ఎదుట వరండాలో అద్దాల తలుపున్న ఫ్రిజ్ ఒకటుంది. పసిపిల్లల టీకా మందులు అందులోనే ఉంటాయి. పక్కన పాత చెక్క బెంచీ.

ఆ బెంచీ మీద ఒక పెద్దాయన కూర్చుంటూ ఉండేవాడు. ఎప్పటినుంచి వస్తున్నాడో ఆమె గమనించలేదు. సాయంత్రం ఇంటికి బయలుదేరేటప్పుడు కనిపించేవాడు. ఉతికిన చొక్కా, జేబులో పెన్ను, పెన్ను పక్కన టెస్టరు.

ఇంట్లో ఫ్యాను లేదేమో, ఫ్రిజ్ చూసుకుని బతుకుతున్నాడని వాచ్‌మన్ ఆయనకు చల్లగాలి తాతయ్య అని పేరు పెట్టాడు.

ఒకరోజు ఆయనే ఆమెను పలకరించాడు.

"అమ్మాయీ, ఇంట్లో పచ్చ దీపం వెలగడం లేదమ్మా."

"ఎలక్ట్రీషియన్ని పిలవండి తాతగారూ."

"ఎలక్ట్రీషియన్ని నేనే కదమ్మా," అని సిగ్గుగా నవ్వాడు.

తర్వాత ఏవేవో పాత సంగతులు చెప్పాడు. అప్పట్లో ఈ ఆస్పత్రికి పన్నెండే గదులట. మెట్ల కింద ఒక్కటే ఫోనట. ఈ బెంచీ మీదే మధ్యాహ్నం పూట అందరూ క్యారియర్లు విప్పుకునేవాళ్లట. ఎక్కడ తీగ తెగినా మెట్ల దగ్గర నిలబడి ఒక్క కేక వేస్తే సరిపోయేదట. పేరు పెట్టి పిలవాల్సిన పనే ఉండేది కాదట.

ఇంకేదో చెప్పబోయాడు. ఆమెకు బస్సు వేళైంది.

అలా మూడు నెలలు గడిచాయి. ఒక సాయంత్రం ఆయన ఫ్రిజ్ అద్దానికి కళ్లు ఆనించి చూసి, చిన్న నోటుబుక్కులో రాసుకోవడం ఆమె కంటపడింది. బయటివాళ్లకు ఇక్కడ రాతలేమిటని, ఇక లోపలికి రానివ్వొద్దని వాచ్‌మన్‌కు చెప్పింది.

మర్నాడు పెద్దాయన వాదించలేదు. గేటు దగ్గర వాచ్‌మన్‌ను మాత్రం ఒకటి అడిగాడు. "ఫ్రిజ్‌లో వేడి చూపే ముల్లు ఎనిమిది డిగ్రీలు దాటకుండా కాస్త చూస్తుండు నాయనా."

వాచ్‌మన్ రెండు రోజులు చూశాడు. మూడో రోజు మరిచిపోయాడు.

పదో రోజు ఫ్రిజ్ ఆగిపోయింది. ఎప్పుడు ఆగిందో ఎవరికీ తెలియదు. పొద్దున సిస్టర్ తలుపు తెరిస్తే లోపల గోరువెచ్చగా ఉంది. మందులన్నీ సంచుల్లో కట్టి పారేశారు. టీకాలకు బిడ్డల్ని ఎత్తుకొచ్చిన తల్లులు వరండా చివరిదాకా నిలబడి, మళ్లీ రమ్మంటే వెనక్కి మళ్లారు.

మధ్యాహ్నం వాచ్‌మన్ తల వంచుకుని ఆమె గదికి వచ్చాడు. చేతిలో ఆ నోటుబుక్కు.

"తాతయ్య కోడలు తెచ్చింది మేడమ్. ఆయన పోయి నాలుగు రోజులైందట. ఫ్రిజ్ ఎదుటి గదిలో అమ్మాయికి ఇమ్మన్నాడట."

ఆమె తెరిచింది. ఉదయం ఆరు, నాలుగు డిగ్రీలు. సాయంత్రం ఆరు, నాలుగు డిగ్రీలు. పేజీ తర్వాత పేజీ, ఒక్క పూట తప్పలేదు.

మొదటి పేజీలో తేదీ చూసి, ఫైర్‌వాల్ లాగ్ తీసింది. గోడ దాటిన చివరి కబురు ఒక సాయంత్రం ఆరింటిది. నోటుబుక్కులో మొదటి వరుస ఆ మర్నాడు ఉదయం ఆరింటిది. దాని పైన ఇలా ఉంది:

"పచ్చ దీపం వెలగలేదు. ఫ్రిజ్ బాగుందని టెలిఫోన్ తీగ మీద ఇంటికి కబురు రావడం లేదు. ఇప్పుడు ఎవరిని అడగాలో తెలియదు. అందాకా నేనే వెళ్లి చూస్తాను."

దేవుడా, అన్ని గదుల్లోనూ అడిగాను కదా అనుకుంది.

ఏడో నిబంధన మళ్లీ తెరిచింది. పక్కన ఆ పాత వాక్యాన్నే మళ్లీ రాయబోతే చెయ్యి ఆగిపోయింది.

ఎందుకో చెప్పవలసిన మనిషి మూడు నెలలు, రోజుకు రెండుసార్లు, తన గది ఎదుటి బెంచీ మీదే కూర్చుని, ఎవరైనా అడుగుతారేమోనని చూసి వెళ్లాడు.