గిర్ని మోత

ప్రతి మోతనూ తీయగా మార్చే చెవిపూసలు వచ్చాక ఊళ్లో హారన్లు కూడా పిల్లనగ్రోవిలా వినిపిస్తున్నాయి. అందుకే ఇందుజ తన గ్రైండ్‌కోర్ బ్యాండు, అదే చెవులు చిల్లులు పడే అరుపుల సంగీతం, తొలి ఆల్బం పెట్టినప్పుడు, బియ్యంలో రాళ్లు ఏరుతున్న తల్లి సైదమ్మ తలూపింది.

"జోలపాట లెక్క మంచిగుంది బిడ్డా."

ఇందుజ ముఖం మాడిపోయింది. సెల్లారులో దాక్కుని, గొంతు చించుకుని అరిచిన పాటలవి.

"పూసలు తీసి వినమ్మా, ఒక్కపారి."

సైదమ్మ తీసింది. డ్రమ్ముల దడదడకు చాటలో బియ్యం అదిరాయి. తల్లి జడుసుకుంటుందనుకున్న ఇందుజకు ఆమె కళ్లలో నీళ్లు కనిపించాయి.

"మన పిండిగిర్ని గిట్లనే మోగేది. దాని పక్కనే నీ ఉయ్యాల. గిర్ని ఆపితే చాలు, లేసి ఏడ్సేదానివి."

నిమిషంలో పాట అయిపోయింది.

"ఆపినవేందే, పెట్టు!" అంటూ సైదమ్మ ఏరిన రాళ్లతో పాటు పూసల్నీ కిటికీలోంచి పారబోసింది.